పెళ్ళిముసుగు వలలోంచి పారిపోయిన గొల్లభామలు

దర్జీపని చేసే చెల్లెలికి మొక్కలు అచ్చిరావు, చేపలు అచ్చిరావు. ఆఖరికి ముళ్ళమొక్క కూడా ఆవిడ చేతిలో కన్నుమూసింది. అలాంటి మనిషికి అక్క, ఆయాసంతో ఆసుపత్రిలో చేరుతూ, గొల్లభామ గుడ్లసంచి అంటుకున్న పుల్లను గాజుసీసాలో పెట్టి అప్పగించింది.

"మందు కొడితే నాకు ఊపిరాడదే. ఇవి పుట్టి, పట్టి తింటేనే గులాబీల పేనుబంక పోతుంది. లేకపోతే తోట పీకేయాల్సిందే. సీసా మూతికి పాత మేజోడు కట్టు, మర్చిపోకు."

ఆ తోట తప్ప అక్కకు వేరే లోకం లేదు. అలాంటి అక్క సొత్తుకు వెలిసిపోయిన మేజోడు కడతారా ఎవరైనా? చెల్లెలు కొట్లోకెల్లా నాజూకైన పెళ్ళిముసుగు వలగుడ్డ కత్తిరించి, అంచు కుట్టి మరీ కట్టి, సీసాను కొట్లోనే పెట్టుకుంది. దర్జీ బుద్ధి ఎక్కడికి పోతుంది!

ఒక ఉదయం కొట్టు తెరిచేసరికి గుడ్లసంచి కింద, పుట్టగానే విడిచిన పలచని పొరలు వేలాడుతున్నాయి. పిల్లలు మాత్రం ఒక్కటీ లేవు. మనకు సన్నగా కనిపించే ఆ వల, దోమంత పిల్లలకు సింహద్వారమని ఆవిడకు అప్పుడు తట్టింది.

అంతలో కొట్లో ఇస్త్రీ చేసే తాత ఆవిరి ఇస్త్రీపెట్టె మీట మీద చెయ్యి వేశాడు.

"తాతా, ఆగు! ముట్టుకోకు!"

"ఏమైందే తల్లీ, షాక్ కొడుతోందా?"

"గొల్లభామలు సీసాలోంచి పోయాయి. ఏ బట్ట మడతలో ఉన్నాయో ఏమో! అక్కకి నా మొహం ఎలా చూపించను?"

"ముందు కదలకు. నీ మెడలో టేపు మీద ఒకటుంది."

నిజమే. ముందుకాళ్ళు దండం పెట్టినట్టు ముడుచుకుని, అది పైకి పాకుతోంది. పైకి! ఆవిడ తలెత్తింది. కిటికీ పరదా కొసన, వెలుతురు పడేచోట, మిగతావన్నీ వేలాడుతున్నాయి. అమ్మయ్య అనుకుంది.

సుద్దగీతలు దులిపే మెత్తని బ్రష్షు ముందు పెడితే ఒక్కొక్కటీ బుద్ధిగా ఎక్కింది. కలిపి ఉంచితే ఒకదాన్నొకటి తినేస్తాయి కనుక గుండీల పెట్టె ఖాళీ చేసి, అరకొకటి చొప్పున సర్దింది. ఈసారి పైన మేజోడే! మగ్గిన అరటిపండు మీద వాలే చిట్టి ఈగలను మేతగా వేస్తూ, నీటి తుంపర చల్లుతూ, గిరాకీని కూడా పక్కన పెట్టి సాకింది.

అక్క ఇంటికొచ్చాక ఇద్దరూ ఆ పెట్టెతో తోటలోకి వెళ్ళారు. పిల్లలు గులాబీ కొమ్మలెక్కి అప్పుడే పేనుబంక పట్టి తింటున్నాయి.

"మేజోడు కట్టమంటే వల కట్టానక్కా. కొంచెంలో చంపేసేదాన్ని. తిట్టవా?"

అక్క ఒక గులాబీ ఆకు తిరగేసి చూసింది. తర్వాత మెల్లగా అంది. "చంపేస్తావనే నీకిచ్చానే. ఆసుపత్రి నుంచి తిరిగొస్తానన్న నమ్మకం నాకు లేదు. నీ చేతిలో పోతే ఆ నెపంతో తోట మీద ఆశ వదిలేద్దామనుకున్నా."

చెల్లెలు ఖాళీ గుండీల పెట్టెను గుండెకు హత్తుకుంది.

"ఇప్పుడిక బతక్క తప్పేట్టు లేదు" అని అక్క కళ్ళు తుడుచుకుంది. "పెళ్ళిముసుగు కట్టావా? బుద్ధుందా నీకసలు?"

అక్క ఆయాసపడకుండా తిట్టింది. చాలా రోజుల తర్వాత ఆ తిట్లు వింటూ చెల్లెలు హాయిగా ఏడ్చింది.