ఎలీసమ్మ నైటీలు

మా చెల్లెలు ఎలీసమ్మ కువైట్‌లో పోయింది. ఇళ్లలో పనికి వెళ్లిన మనిషి. శవాన్ని పంపలేదు, అక్కడే పూడ్చేశారు. కబురు విన్నాక కూడా నాకు ఏడుపు రాలేదు. పొయ్యి మీద అన్నం ఉడికితే గంజి వార్చి కూర్చున్నాను.

మనిషి రాకపోయినా చివరి రోజుల్లో కట్టుకున్న బట్టలైనా మన మట్టిలో పడాలని నా పట్టుదల. రాజోలు సమాధుల దొడ్డిలో ఆ బట్టలు పెట్టెలో పెట్టి భూస్థాపన చేద్దామని పాస్టరుగారు ఒప్పుకున్నారు. అయితే ఆమె ట్రంకుపెట్టె ఓడ మీద మద్రాసు వచ్చి కస్టమ్స్ వాళ్ల దగ్గర ఆగిపోయింది. నేనూ, ఎలీసమ్మ మొగుడు మత్తయీ వెళ్లాం. మత్తయి మా సంఘ పెద్ద. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం.

అక్కడి ఆఫీసరు సూర్యప్రకాశరావుగారు మన తెలుగాయనే. పోయిన మనిషి వాడుకున్న బట్టలైతే ఊరికే ఇచ్చేస్తామన్నారు. కొత్తవైతే అమ్మకానికి తెచ్చిన సరుకు కింద లెక్క, లైసెన్సు లేకపోతే జప్తే. పెట్టె తెరిస్తే చీరన్నది లేదు. అన్నీ నూలు నైటీలే, మడత నలగకుండా కొట్లోంచి తెచ్చినట్టున్నాయి. కువైట్‌లో అది పనిచేసిన ఇంట్లో దాని పనే ఇస్త్రీ. తన బట్టలు మాత్రం నలిపి పెట్టుకుంటుందా? ఆ మాటే చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. పగటి బట్టలకో పద్దు, రాత్రి బట్టలకో పద్దు ఉందనీ, ఎందులో రాసినా వాడినవో కాదో ముందు తేలాలనీ, మొగుడి మాట చాలనీ అన్నారు. మంచి మనిషే. కాకపోతే ఒక నైటీ విప్పి, నలుగురూ చూస్తుండగా రెండు చేతులా ఎత్తి పట్టుకున్నారు. గులాబీ రంగుది, చేతుల్లేనిది.

“నిద్రలో పోయారని కాగితంలో ఉంది. రాత్రిళ్లు మీ ఆవిడ ఇవే తొడుక్కునేవారా?”

మత్తయి మొహం కందగడ్డయిపోయింది. “మా ఇంట్లో ఆడాళ్లు ఇలాంటివి తొడగరండి. చీరేనండి.”

అప్పట్లో మా వైపు నైటీ తొడిగిన మనిషిని వింతగా చూసేవారు, అందులోనూ సంఘ పెద్ద భార్య! అతన్ని మోచేత్తో పొడిచాను. ఆలోచించి చెప్పమని ఆఫీసరుగారే మళ్లీ అడిగారు. మత్తయి అదే మాట. కొత్త సరుకని రాసుకుని పెట్టె లోపలికి పంపేశారు. మహానుభావుడు, పరువు నిలబెట్టుకుని పెళ్లాం గుడ్డలు పోగొట్టుకున్నాడు. రైల్లో కడిగేద్దామనుకున్నాను. తీరా రైలెక్కాక కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను, ఏమీ కనబడలేదు.

ఇంటికొచ్చాక మత్తయి బీరువాలోంచి ఎలీసమ్మ పెళ్లినాటి తెల్లచీర తీసి శవపెట్టెలో పరిచాడు. అదెప్పుడో పెళ్లిలో కట్టి విప్పేసింది. నాకు ఒళ్లు మండింది. బయట జనం పాట అందుకున్నారు. చీర కుచ్చిళ్లు సర్దుతున్నవాడల్లా ఆగిపోయి, తల ఎత్తకుండానే అడిగాడు.

“వదినగారూ, పోయేటప్పుడు తన ఒంటి మీద ఏం ఉండుంటుందండీ?”

“మీరు కాదన్నదేనండి,” అన్నాను.

అతను మూత వెయ్యలేకపోయాడు. నేనే వేశాను.