మా అత్త స్టాండు కెమెరా

నేను జొన్నరొట్టెలు తడుతున్నాను. వాకిట్లో మా అత్త షాజహాన్ బీ కెమెరా తిత్తిని ఎండకు పట్టి చూస్తోంది.

"ఎలుకలు ఎట్ల కొరికినయో చూడు ఖతీజా. మైదా జిగురు దొరికితే ఇడుస్తయా?"

అది పెద్ద స్టాండు కెమెరా. ముందు అద్దానికీ వెనక చెక్కపెట్టెకూ మధ్య మైదా జిగురుతో అతికించిన తోలు తిత్తి మడతలు మడతలుగా ఉండేది. మెదక్ బజారులో మా మామ బద్రుద్దీన్ దుకాణానికి మగవాళ్ళు వెళ్ళేవారు. పరదా పాటించే ఆడవాళ్ళు ఇంటికి వచ్చేవారు. వాళ్ళ ఫోటోలు అత్త తీసేది. నలుగురు ఆమెను వెతుక్కుంటూ రావడానికి అదొక్కటే కారణం.

మామ అయితే కెమెరాలో గాజు ప్లేటు పెట్టాక, తలమీద కప్పుకున్న నల్ల గుడ్డలోంచి బయటికి వచ్చి నిలబడేవాడు. అత్త బయటికి రాదు. గుడ్డలోంచి గాజుల చేయి ఒక్కటే చాచి అద్దం మూత తీసేది. బిస్మిల్లా అనుకునేంత సేపు ఆగి మళ్ళీ పెట్టేది. టేక్మాల్ బడి తప్ప మరో లోకం ఎరగని నేను, కొత్త కోడలిగా ఆ చేతినే చూస్తూ నిలబడేదాన్ని. అత్తరూ ఫోటోలు కడిగే మందునీళ్ళూ కలిసిన ఆ గుడ్డ వాసన ఇప్పుడు తలచుకున్నా ఆ ఇంటి మధ్యాహ్నాలు గుర్తొస్తాయి.

"ఇగ దీన్ని ఇడిచిపెట్టు అమ్మీ. చేత పట్టుకునే ఫిల్ము రోలు కెమెరా కొందాం. ఇది ముసల్దయింది" అన్నాడు మా ఆయన సిరాజ్.

"నేను గూడ ముసల్దాన్నయిన. నన్నెప్పుడు మారుస్తవ్ రా?"

మామ నవ్వి, తిత్తిని రామాయంపేటకు తీసుకుపోయాడు. అక్కడ లక్ష్మయ్య హార్మోనియాలు బాగుచేస్తాడు. పాత తోలు తీసేసి మెత్తటి కొత్త తోలు వేసి పంపాడు. చూడముచ్చటగా ఉంది. కానీ తీసిన ప్లేట్లన్నీ పొగమంచు కమ్మినట్టు వచ్చాయి.

"లక్ష్మయ్య నా ముందర్నే ఊది చూసిండు. జరంత గాలి పోలేదు" అన్నాడు మామ.

"గాలితోటి మనకేం పని జీ? ఇదేమన్న పాట పాడుతదా?"

అత్త తిత్తిని మళ్ళీ ఎండకు పట్టింది. దీపానికి అడ్డం పెట్టిన అరచేయిలా పలుచటి తోలు ఎర్రగా మెరిసింది.

"వెలుగు దూరుతున్నది. లోపల నల్లగుడ్డ పట్టియ్యాలె" అన్నది.

"మళ్ల రామాయంపేట, మళ్ల పరేషాన్" అంటూ సిరాజ్ తన దోస్తు అమరేందర్ రోలు కెమెరా అడిగి తెచ్చాడు. "దీన్ని ఖతీజా గూడ నొక్కుతది. నువ్వు ఆరాంగ కూసో అమ్మీ."

"ఫోటోలు మంచిగొస్తే పెద్దదాన్ని అమ్మేద్దాం" అన్నాడు మామ.

అత్త చెక్కపెట్టెను కొంగుతో తుడిచి గోడవైపు తిప్పి పెట్టింది.

మరునాడు కౌడిపల్లి నుంచి ఖమర్ అనే పిల్ల వచ్చింది. దూరాన ఉన్న అన్నకు ఫోటో పంపాలట. నేను కెమెరా కంటి దగ్గర పెట్టుకోగానే తల దించుకుంది.

"ఇటు చూడు ఖమర్."

"నువ్వు గట్ల నన్నే చూస్తుంటే ఎట్ల చూడాలె భాభీ?"

ఎన్నిసార్లు బతిమాలినా అంతే. ఫోటో కడిగితే ముఖం స్పష్టంగానే ఉంది. కళ్ళు మాత్రం లేవు, రెప్పలే ఉన్నాయి.

మామతో ఎదురుపడి మాట్లాడే అలవాటు నాకు లేదు. ఆయన భోజనానికి కూర్చున్నప్పుడు ఆ ఫోటోనూ, నిరుడు అత్త తీసిన ఖమర్ వాళ్ళ అక్క ఫోటోనూ పక్కపక్కన పెట్టి తలుపు చాటుకు వచ్చేశాను. అక్క ఫోటోలో రెండు కళ్ళు నిండుగా విప్పుకుని, ఎవరూ లేని చోట కూర్చున్నట్టు చూస్తున్నాయి.

"ఈ పోరి కండ్లెందుకు దించింది?" అడిగాడు మామ.

"ఎదురుంగ మనిషి చూస్తుంటే ఆడపిల్ల ఎట్ల ఎత్తుతది?" అన్నది అత్త. "గుడ్డల ఉంటే నేనున్నట్టే యాదికుండదు వాళ్లకు."

"నాలుగు రోజులైతే అలవాటయితది అబ్బా" అన్నాడు సిరాజ్ తండ్రితో.

మామ రెండు ఫోటోలనూ చాలాసేపు చూశాడు. చేయి కడుక్కుని, కొయ్యకు వేలాడుతున్న తిత్తిని దించాడు. అత్త బట్టల పెట్టెలోంచి మందపాటి నల్లగుడ్డ తీసి ఇచ్చింది. దాన్ని తిత్తికి చుట్టి, చంకన పెట్టుకుని, చెప్పులు తొడుక్కుని, రామాయంపేట బస్సు దారి పట్టాడు.