ఆడవాళ్ల చీటీ

గెస్టు లెక్చర్ ఉందంటే మా మిర్యాలగూడ కాలేజీలో నాకు రెండు పనులు. వేదిక మీద కుర్చీలు తుడవడం, చివర్లో లేచి చీటీ చదవడం. వచ్చిన అతిథి ముందు పిల్లలు నోరు తెరవకపోతే కాలేజీ పరువు పోతుందని మా స్వరూప మేడం భయం. అందుకని ప్రశ్నలు తనే రాసిపెట్టింది. మగవాళ్లొస్తే, "సార్, మీ విజయ రహస్యం ఏమిటి?" ఆడవాళ్లొస్తే, "మేడం, ఇల్లూ ఉద్యోగం రెండూ ఎలా చూసుకుంటున్నారు?" మూడేళ్లుగా ఆ రెండు చీటీలే. మడతల దగ్గర చిరిగితే టేపు అంటించి మరీ వాడుతున్నాం.

మేడమ్‌లు ఆ ప్రశ్న కోసమే వచ్చినట్టు జవాబు చెప్పేవాళ్లు. సూర్యాపేట నుంచి వచ్చిన బ్యాంకు మేడం నాలుగింటికి లేస్తానంది. ఆమె తర్వాత వచ్చిన లాయరమ్మ మూడున్నరకే లేచి, అత్తమామల టిఫిన్ కూడా చేసి కోర్టుకు వెళ్తానంది. హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను. కొడుతూనే, వీళ్లకు చాతనైంది నాకెందుకు కావడం లేదని కుమిలిపోయాను. నేనూ నాలుగింటికే లేస్తాను. వేములపల్లిలో మా మామ సోమయ్యకు గొర్ల మంద ఉంది, ఇంటి వెనక నాలుగు బర్రెలున్నాయి. పేడ తీసి, వంట చేసి, మా ఆయన శివకుమార్‌కు టిఫిన్ డబ్బా కట్టి బస్సెక్కేసరికి రికార్డు రాయడమో, తల దువ్వుకోవడమో, ఏదో ఒకటి మిగిలిపోతుంది. శివకుమార్ చెడ్డవాడేం కాదు. "సదువుకో, నేనొద్దంటనా? ఇంటికి లోటు రాకుంటే సాలు" అన్నాడు పెళ్లైన కొత్తలో. ఆ మాటకు మురిసిపోయి మా అమ్మకు ఫోన్ చేసి చెప్పాను కూడా. ఆ లోటు ఎక్కడ మొదలవుతుందో అప్పుడు అడగలేదు. ఒకరోజు కూరలో ఉప్పెక్కువైతే మా అత్త భద్రమ్మ, "బ్యాంకుల చేసేటామె గూడ వండుతనే ఉన్నదంటివి గద" అంది. బ్యాంకు మేడం సంగతి ఇంట్లో చెప్పింది నేనే. నా నోరే నా మీదికి తెచ్చింది.

ఫైనల్ ఇయర్ వాళ్లు నలభై రోజులు కోదాడలో ల్యాబ్ ట్రైనింగ్‌కు వెళ్లొచ్చు. హాస్టల్‌లో ఉండాలి. అది చేస్తే ల్యాబ్ ఉద్యోగానికి దారి దొరుకుతుంది, నాకు అదే కావాలి. పేరు ఇవ్వడానికి శుక్రవారం ఆఖరు, రానివాళ్లు లెటర్ ఇవ్వాలి. నేను మాత్రం 'కుటుంబ కారణాల వల్ల రాలేను' అని లెటర్ రాసి బ్యాగులో పెట్టుకున్నాను. ఇంట్లో ఎవరూ వద్దనలేదు, అసలు నేను అడిగితే కదా.

ఆ శుక్రవారమే కోదాడ నుంచి రవీందర్ సార్ వచ్చారు. ఏదో ఫ్యాక్టరీలో పెద్ద ఇంజినీరు. రోజుకు పద్నాలుగు గంటలు పనిచేస్తానని, లక్ష్యం ఉంటే అడ్డేమీ ఉండదని గంటసేపు చెప్పారు. నా ధ్యాసంతా బ్యాగులో ఉన్న లెటర్ మీదే. స్వరూప మేడం సైగ చేయగానే లేచి, చేతికొచ్చిన చీటీ విప్పి గడగడా చదివేశాను.

"సార్, ఇల్లూ ఉద్యోగం రెండూ ఎలా చూసుకుంటున్నారు?"

హాలంతా గొల్లున నవ్వింది. స్వరూప మేడం నుదురు పట్టుకుంది. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సార్ కూడా నవ్వారు. జవాబు మొదలుపెట్టి, ఆగి, నీళ్లు తాగారు. ఆ తర్వాత ఆయన నవ్వలేదు.

"నిజం చెప్పాలంటే నేను చూసుకోటం లేదమ్మా. మా ఆవిడ విజయ చూసుకుంటది. తను కూడా పెద్ద చదువే చదివింది, ఎమ్మెస్సీ. ఇరవయ్యేళ్లలో ఈ మాట నన్ను ఎవరూ అడగలేదు."

తర్వాత ఆయనకు శాలువా కప్పారు. చప్పట్లు కొడుతూ అలాగే నిలబడిపోయాను. ఇల్లు చూసుకోకపోయినా శాలువా కప్పుతారన్నమాట! నాకు నవ్వొచ్చింది, దాని వెనకే కళ్లలో నీళ్లొచ్చాయి. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. నేను చేతకానిదాన్ని కాదు. ఆ సార్‌కు విజయ ఉంది, నాకు లేదు. ఇద్దరి పని ఒక్కదాన్నే నెత్తిన పెట్టుకుని, బరువెందుకు అవుతోందని నన్ను నేనే తిట్టుకుంటున్నాను.

లెటర్ చింపేసి స్టాఫ్ రూముకు వెళ్లాను. నన్ను చూడగానే స్వరూప మేడం, "పరువు తీసినవ్ గద స్వర్ణా" అంది. కోదాడకు నా పేరు రాయమన్నాను.

"ఇంట్ల అడిగినవా?"

"చెప్త మేడం."

ఆమె పెన్ను తీసింది. నాలుగింటికి లేచే మనిషే ఆమె కూడా. నా పేరు రాసుకుంది.

సాయంత్రం పాలు పిండటం అయ్యాక అరుగు మీద అందరూ ఉన్నప్పుడు చెప్పాను. నలభై రోజులు కోదాడలో ఉంటానని, ఆదివారాలు వస్తానని. శివకుమార్ ఫోన్ పక్కన పెట్టాడు.

"మరి ఇల్లు?"

పచ్చళ్లు పెట్టిపోతాను, పొడులు కొట్టిపోతాను, మా చెల్లెను పిలిపిస్తాను అని ఎన్నో జవాబులు నాలుక చివరిదాకా వచ్చాయి. అన్నీ మింగేశాను.

"ఇల్లు యాడికి పోతది? గీడనే ఉంటది. నువ్వు సూస్కో."

మామ దగ్గాడు. అత్త నా మీద విరుచుకుపడుతుందనుకున్నాను. ఆమె కొడుకు మొహంలోకి చూసి, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"వాడేం సూస్కుంటడే! రైస్ మిల్లుల నౌకరి చేస్తడు గని, ఇంట్ల బియ్యం యాడుంటయో ఎర్కలేదు వానికి."

"ఎర్క చేసుకుంటడు తీ అత్తమ్మా" అని, బట్టలు సర్దుకోవడానికి లోపలికి వెళ్లాను.