కంపెనీ కారు

పుష్పవల్లికి కంపెనీ కారంటే కారు కాదు, మర్యాద. ముందు సినిమాల్లో, ఆ తర్వాత సీరియళ్ళలో, అక్కగా చేరి అమ్మగా, అత్తగా, చివరికి అమ్మమ్మగా ప్రమోషన్లు పొందుతూ వచ్చిన మనిషి. వేషం చిన్నదైనా సర్దుకునేది, భోజనం చల్లారినా సర్దుకునేది. కారు దగ్గర మాత్రం సర్దుబాటు లేదు. ఫిలింనగర్‌లో తన అపార్ట్‌మెంట్ గేటు ముందుకు తన ఒక్కదాని కోసమే బండి రావాలి. వచ్చాక కాసేపు ఆగాలి కూడా. ఆగకపోతే వాచ్‌మన్‌కి తన గొప్ప ఎలా తెలుస్తుంది?

డీజిల్ రేటుకు ఇలాంటి మర్యాదలు తెలియవు. సీరియల్ షూటింగు జరిగే ఇల్లు గండిపేట అవతలెక్కడో ఉంది. ఆర్టిస్టులేమో యూసుఫ్‌గూడలో ఒకరు, కృష్ణానగర్‌లో ఒకరు, ఫిలింనగర్‌లో ఈవిడ. మనిషికో బండి చొప్పున పొద్దున తీసుకెళ్ళడం, సాయంత్రం దింపడం. నిర్మాత ఒకనాడు డీజిల్ ఖర్చు చూసి గుండె పట్టుకున్నాడు. "మనం సీరియల్ తీస్తున్నామా, పెట్రోలు బంకును పోషిస్తున్నామా?" అని ప్రొడక్షన్ మేనేజరు వెంకటేశ్వరరావును నిలదీశాడు. మర్నాటి నుంచి దారిలో ఉన్న వాళ్ళందరికీ కలిపి ఒకటే కారన్నారు.

ఆ మాట చెప్పడానికి వెంకటేశ్వరరావు ఫోన్ చేస్తే పుష్పవల్లి అగ్గి మీద గుగ్గిలమైంది.

"ఈ వయసులో నన్ను గుంపులో గోవిందయ్యని చేస్తారా? అంతకంటే నన్ను ఇంట్లో కూర్చోబెట్టండి, హాయిగా ఉంటాను."

"అంతమాట అనకండమ్మా. కొన్నాళ్ళు ఓపిక పట్టండి, మీకేదో ఒక దారి చూస్తాను" అన్నాడాయన. మంచివాడు. పెద్దవాళ్ళ మాట మనసులో పెట్టుకునే రకం.

మొదటి రోజు అలవాటు ప్రకారం ఆలస్యంగా దిగింది. డ్రైవర్ లక్ష్మయ్య తలుపు తీసి, "అమ్మా, జర జల్ది ఎక్కుండ్రి, పిల్లలు నిద్రలు ఆపుకుంటున్నరు" అన్నాడు. వెనక సీట్లో ఇద్దరున్నారు. ఒకతె గీతిక, సీరియల్లో ఆవిడకు మనవరాలు, యూసుఫ్‌గూడ హాస్టల్లో ఉంటుంది. రెండో అమ్మాయి మనోజ, జుట్టు అలంకరించే మనిషి, కృష్ణానగర్‌లో పుట్టి పెరిగింది. పుష్పవల్లి ముందు సీట్లో కూర్చుని, హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో బిగించి పట్టుకుని, గండిపేట దాకా పెదవి విప్పలేదు.

అలా మూడు రోజులు నడిచింది. నాలుగో రోజు లక్ష్మయ్య ముందు సీట్లో విగ్గుల పెట్టె పెట్టాడు. కావాలనే పెట్టాడేమో దేవుడికెరుక. చచ్చినట్టు వెనక, ఇద్దరి మధ్యా ఇరుక్కుని కూర్చోవలసి వచ్చింది. దారిలో దర్గా దాటకముందే గీతిక నిద్రలోకి జారి, తల తెచ్చి ఆవిడ భుజం మీద పెట్టేసింది. తోసేద్దామని చెయ్యి లేపింది పుష్పవల్లి. లేపిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. మనిషి బరువు తన మీద ఆని ఎంత కాలమైందో ఆమెకు గుర్తు రాలేదు.

ఆమె పెళ్ళి చేసుకోలేదు. అక్క భ్రమరాంబతో కలిసి ఉండేది. ఆ అక్క రెండేళ్ళ కిందట పోయింది. అప్పటి నుంచి ఇంట్లో వినిపించే రెండో గొంతు టీవీదే. ఒక్కోసారి అదీ తన గొంతే అయ్యేది.

ఇక అక్కడి నుంచి సంగతి మారిపోయింది. కారును ఆపించే మనిషి కారు కంటే ముందే గేటు దగ్గర నిలబడడం మొదలుపెట్టింది. డబ్బాలో పులిహోర, ఒక రోజు గారెలు, ఒక రోజు ఉత్త మరమరాలు. మనోజ తన ఆడపడుచు మీద చాడీలన్నీ ఆ కారులోనే చెప్పేది. "గట్ల ఊకోవద్దు, నాలుగు కడిగెయ్" అని లక్ష్మయ్య ఎగదోసేవాడు. "నువ్వు రోడ్డు చూడు నాయనా" అని పుష్పవల్లి కసిరేది. కసరడానికి ఒక మనిషి దొరకడం కూడా భాగ్యమేనని ఆమెకు ఆ కారులోనే తెలిసింది. ట్రాఫిక్ జామైతే ముగ్గురూ గొణిగేవారు. ఆవిడ మాత్రం ఇంకాస్త జామైతే బాగుండునని లోలోపల కోరుకునేది. షూటింగులో ఆవిడకు ఉండేది రెండు ముక్కలు, నాలుగు ఏడుపులు. అసలు రోజంతా ఆ రానుపోను ప్రయాణంలోనే ఉండేది.

డీజిల్ మళ్ళీ పెరిగింది.

"అమ్మమ్మా, సోమవారం నుంచి మనందరికీ అక్కడే రూములంట!" అని గీతిక శనివారం సాయంత్రం కారులో చప్పట్లు కొట్టింది. "వారమంతా అక్కడే. కారే తిరగదు. రానుపోను డీజిల్ దండగని ప్రొడ్యూసర్ గారు అన్నారంట."

"మరి నా గతేంది?" అన్నాడు లక్ష్మయ్య. అందరూ నవ్వారు, అతను కూడా నవ్వాడు. అతనికి వేరే కిరాయిలు దొరుకుతాయి.

పుష్పవల్లి ఆదివారం పొద్దుటే పెట్టె సర్దింది. చీరలు, దుప్పటి, ఆవకాయ సీసా, పిల్లలకి జంతికలు. రాత్రిళ్ళు గీతికకు తలకు నూనె పెట్టాలి, ఆ జుట్టు రంగులతో పీచైపోయింది. కారులో కూనిరాగాలు తీసే మనోజకు ఒక్క పాటైనా రాగం తప్పకుండా నేర్పాలి. పెళ్ళికి ప్రయాణమైన మనిషిలా ఇల్లంతా రెండుసార్లు తిరిగి, గ్యాసు కట్టేసిందో లేదో చూసుకుంది. రేపు కదా వెళ్ళేది అని తనలో తనే నవ్వుకుంది.

మధ్యాహ్నం వెంకటేశ్వరరావు ఫోన్ చేశాడు.

"అమ్మా, శుభవార్త. మిమ్మల్ని ఇబ్బంది పెట్టకూడదని రైటరుతో కూర్చుని పరిష్కారం కనిపెట్టాను. అమ్మమ్మని కాశీకి పంపించేశాం."

"ఎవర్ని?"

"మీ పాత్రనండీ. మూడు నెలలు కాశీలోనే ఉంటుంది. అప్పుడప్పుడు ఇంటికి ఫోన్ చేస్తుంది. ఆ ఫోన్ మాటలు మీరు ఇంట్లోనే, కడుపులో చల్ల కదలకుండా, సెల్లులో రికార్డు చేసి పంపితే చాలు. సగం పారితోషికం ఊరికే వస్తుంది. కారు లేదు, తిప్పలు లేవు. ఇంట్లో కూర్చోబెట్టమని మీరే అన్నారు కదా!"

నోరా, వీపుకు తేకే అని పెద్దలు ఊరికే అనలేదు.

"నేను కూడా అక్కడే ఉండేదాన్ని కదండీ. నాకేం ఇబ్బంది లేదు" అంది పుష్పవల్లి, పెట్టె వైపు చూస్తూ.

"అయ్యో, వద్దమ్మా! గదికి నలుగురు, అందరికీ కింద పరుపులు. మీలాంటి సీనియర్ని నేల మీద పడుకోబెడితే ఇండస్ట్రీలో నా మొహాన ఉమ్మేస్తారు."

నేల మీదైనా ఫరవాలేదు, నన్ను కూడా తీసుకెళ్ళండి అనాలి. అంతే, ఒక్క వాక్యం. కాగితం మీద రాసిస్తే కళ్ళనీళ్ళతో సహా ఒక్క టేకులో చెప్పగలదు. రాసిచ్చేవాడు లేడు. ఇన్నేళ్ళ పరువు ఆమె నాలుక మీద ఎక్కి కూర్చుంది.

"అదీ నిజమేలెండి" అంది.

సోమవారం పొద్దున స్నానం చేసి, చీర కట్టుకుని, జడ వేసుకున్నాక గాని పని లేదని గుర్తు రాలేదు. బాల్కనీలో నిలబడి కిందికి చూసింది. జూబ్లీహిల్స్ వైపు బండ్లు ఎగబాకుతున్నాయి, ఒక్కో దాంట్లో ఒక్కో మనిషి. అంత కారులో ఒక్కళ్ళే ఎలా కూర్చుంటారో వీళ్ళు అనుకుంది. మొన్నమొన్నటి దాకా తనూ అలాగే కూర్చుందన్నది ఆ క్షణంలో ఆమెకు తోచలేదు.

గీతికకు ఫోన్ చేస్తే, "షాట్‌లో ఉన్నా అమ్మమ్మా, తర్వాత చేస్తా" అంది. ఆ తర్వాత రాలేదు. పిల్ల మంచిదే, పని అలాంటిది. జంతికలు సగం వాచ్‌మన్‌కి ఇచ్చేసింది.

గురువారం అసిస్టెంట్ డైరెక్టర్ నిఖిల్ డైలాగు వాట్సాప్‌లో పంపాడు. గాలి చప్పుడు పడకూడదని ఫ్యాను కట్టేసి, కిటికీలు మూసి, పుష్పవల్లి మంచం మీద కూర్చుంది. అందులో ఉన్న ప్రకారం మనవరాలితో చెప్పవలసిన మాట ఇది: "ఇక్కడ నాకు చాలా బాగుందే తల్లీ. మనసు ప్రశాంతంగా ఉంది. మీరెవరూ నా కోసం బెంగపడొద్దు, రావద్దు."

బొత్తం నొక్కి, గొంతు సవరించుకుంది.

"ఇక్కడ నాకేం బాగాలేదే తల్లీ. పలకరించే దిక్కు లేదు. మీరు రండి, వచ్చి నన్ను తీసుకుపొండి."

అని, ఆలోచించేలోపు పంపేసింది. ఇన్నేళ్ళలో రాసిన డైలాగు మార్చడం ఇదే మొదలు. పమిటతో చెమట తుడుచుకుంటూ, ఫ్యాను వేసుకోవడం కూడా మరిచి, ఆ ఫోన్ వైపే చూస్తూ కూర్చుంది. ఎవరో ఒకరు విని, ఏంటమ్మా ఇది అని అడుగుతారని ఆశ.

కాసేపటికే నిఖిల్ ఫోన్ చేశాడు.

"అమ్మా, ఎమోషన్ అదిరింది! ఇక్కడ గీతిక కూడా విని కళ్ళు తుడుచుకుంది. కానీ డైలాగ్ రివర్స్ అయిపోయిందమ్మా. మీరు కాశీలో హ్యాపీగా ఉండాలి. నేను పంపినట్టు ఒక్కసారి చెప్పేయండి."

"అయ్యో, కళ్ళజోడు పెట్టుకోలేదు నాయనా" అంది పుష్పవల్లి. లైనులోనే ఉండమని, రాసినది రాసినట్టే చెప్పింది. హాయిగా, చిరునవ్వు వినపడేలా, ఎవరూ తనకు అక్కర్లేనట్టు చెప్పింది. అవతల పిల్లవాడు రికార్డు చేసుకుని, "ఫస్ట్ టేక్ ఓకే!" అని మురిసిపోయాడు.

"ఇంకొకటమ్మా. ఇలాగే బాగున్నాను, బెంగపడొద్దు అని ఒక పాతిక రకాలుగా ఇప్పుడే చెప్పేశారనుకోండి, మూడు నెలలకీ సరిపోతాయి. ఇక మిమ్మల్ని డిస్టర్బ్ చెయ్యక్కర్లేదు."

పుష్పవల్లి లెక్క వేసుకుంది. కారు పోయింది, గది పోయింది. మిగిలిన ఈ ఒక్క ఫోనూ పాతిక ముక్కల్లో అయిపోతుందన్నమాట.

"ఇవాళ గొంతు పట్టేసింది నాయనా" అంది.

"ఫరవాలేదమ్మా, బాగయ్యాక రికార్డు చేసి ఒకేసారి పంపండి."

"అవి పంపడాలు నాకు చేతకావు."

"ఇందాక పంపారు కదమ్మా?"

"ఏదో నొక్కితే వెళ్ళింది. అలా కాదు గాని, రోజుకొకటి చెప్తాను. నువ్వే ఫోన్ చెయ్యాలి. పెద్ద ఆర్టిస్టుని, ఆమాత్రం మర్యాద ఉండొద్దూ?"

అవతల నిఖిల్ నవ్వాడు. "సరేనమ్మా, రేపు పదింటికి చేస్తాను."

"మర్చిపోకు. నేను తయారై ఉంటాను" అంది పుష్పవల్లి. ఆమె గొంతు నిక్షేపంగా ఉంది.