చెప్పులు విడవనివాడు

బోర్డు మీద 'ప్రతీక' అని రాసి, విజయేందర్ దాని కింద గట్టిగా గీత గీశాడు. అమీర్‌పేటలోని ఆ కోచింగ్ సెంటర్ కిటికీ అవతల మెట్రో రైలు పోయినప్పుడల్లా అద్దాలు అదురుతాయి. అతనికి నలభై దాటాయి. మీసానికి రంగు, మోచేతుల దగ్గర వెలిసిపోయిన నీలం చొక్కా. ఉద్యోగ పరీక్షలు రాసేవాళ్లకు చాలాకాలంగా తెలుగు చెబుతున్నాడు.

ఆ రోజు పాఠం చిన్న కవిత. ఒకామె ఇంటికి రోజూ వచ్చే మనిషి గురించి:

"వాకిట్లో నిలబడి వాన సంగతి అడుగుతాడు
చెప్పులు మాత్రం విడవడు."

"వాన ప్రేమకు ప్రతీక. చెప్పులు భయానికి. విడిస్తే లోపలికి పోవాలె, పోతే ఉండిపోవాలె. గదీ ఆయన భయం," అన్నాడు.

ముందు బెంచీలోంచి మంజూష అనే ఏలూరు పిల్ల లేచింది. "భయం కాదేమో సార్. టీ గుమ్మం దగ్గరికే వస్తుంటే లోపలికెందుకు వెళ్తాడు?"

క్లాసంతా నవ్వింది. "పరీక్షల మాత్రం భయమనే రాయాలె," అని కసిరాడు.

సాయంత్రం ఎప్పటిలాగే పంజగుట్టలో సుకన్య పనిచేసే కంటి ఆసుపత్రి ముందు బండి ఆపాడు. ఆమెను మధురానగర్‌లో ఆమె గదికి చేర్చి, అక్కడే తిని, తన హాస్టలుకు పోవడం పదేళ్ల అలవాటు. పెళ్లి మాటెత్తితే ముందు చెల్లె లగ్గం అన్నాడు. తర్వాత నాయన జబ్బు అన్నాడు. అవి రెండూ తీరాక పర్మనెంటు నౌకరి అన్నాడు.

సుకన్య బండెక్కలేదు.

"ఎల్లుండి నిజామాబాద్ పోతున్న. లగ్గం. మా మేనమామ చూసిన మనిషి. భార్య చనిపోయింది, ఒక బిడ్డున్నది. చూడంగనే సరే అన్నడు."

"జర ఆగరాదు? మాట్లాడుకుందం."

"ఇంకేం మాట్లాడుతవ్?"

"నాకు భయమైతుండె, సుకన్యా."

పొద్దున క్లాసులో చెప్పిన మాటే. ఇప్పుడు అతని చెవికే అది అరువు తెచ్చుకున్న మాటలా వినబడింది.

ఆమె కోపంగా కూడా చూడలేదు. "భయం నాకు సుత ఉండె. అయినా రోజూ తలుపు తీసిన కదా."

"పైలం," అని, చేతిలోది బండి సీటు మీద పెట్టి మెట్రో మెట్లెక్కింది. జనంలో ఆమె జడ కాసేపు కనబడింది. వెనక ఆటోవాడు హారన్ కొట్టి, "అన్నా, బండి తియ్యి!" అని అరిచాడు.

సీటు మీద ఆమె హెల్మెట్. లోపలి గుడ్డకు కొబ్బరినూనె జిడ్డు, పట్టీలో చిక్కుకున్న ఒక తెల్ల వెంట్రుక.