తమ్ముడికి ఆక్సిజన్ వద్దన్నారు

ఇరవై ఏళ్లుగా ఈ ఆసుపత్రికి ఆక్సిజన్ సిలిండర్లు మోస్తున్నాను కాబట్టి, సగం డాక్టర్నని నా నమ్మకం. ఏడో తరగతితో బడి మానేసినవాడికి ఆమాత్రం పొగరుండాలి.

కలుపు మందు కొట్టేటప్పుడు స్ప్రేయర్ నాజిల్‌లో నలక అడ్డం పడితే, నోటితో పీల్చేయమని తమ్ముడికి నేర్పిన మహానుభావుణ్ణి నేనే. వాడు పీల్చాడు. ఓ గుక్క లోపలికి పోయింది. నీళ్లు పుక్కిలించి, అన్నం తిని పడుకున్నాడు. మర్నాడు నోరు పూసి గొంతు మండితే గానీ చెప్పలేదు. తెచ్చి ఇక్కడే చేర్పించాను.

నాలుగో రోజుకి మూత్రపిండాలు మొరాయించాయి, డయాలసిస్ మిషన్ పెట్టారు. ఆయాసం మొదలైంది. ముక్కుకి మాత్రం ఏమీ పెట్టలేదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వరండాలో నేను దింపిన సిలిండర్లు వరసగా నిలబడి ఉన్నాయి. ఒకదాన్ని దొర్లించుకుంటూ వార్డులోకి తెచ్చాను.

నర్సు అడ్డం వచ్చింది. "సిలిండరన్నా, ఎవరడిగారు?"

"మావాడి ఊపిరి అడిగింది."

"ఆ మందు ఊపిరితిత్తుల్లో చేరింది. ఆక్సిజన్ తగిలితే ఇంకా రెచ్చిపోయి వాటిని తినేస్తుంది. పెద్ద డాక్టరు గారు చెప్పలేదా?"

"చెప్పారు. పిసినారితనం అనుకున్నా."

తమ్ముడు నన్నే చూస్తున్నాడు. "పెట్టు అన్నయ్యా. కొంచెం."

"వద్దురా. హాని చేస్తుందట."

"నాజిల్ పీల్చమన్నప్పుడు ఏమైంది, ఈ జాగ్రత్త?" నవ్వబోయి దగ్గాడు.

సిలిండర్ని వెనక్కి దొర్లించుకుపోయాను. తర్వాత రెండు రోజులు, ఎవరైనా పొరపాటున పెట్టేస్తారేమోనని మంచం పక్కనే కాపలా కూర్చున్నాను. చూసినవాళ్లు నవ్వుకునే ఉంటారు.

ఆరో రోజు మధ్యాహ్నం పెద్ద డాక్టరు గారు వాడి నీలం పెదాలు చూసి, "ఆక్సిజన్ పెట్టండి" అన్నారు.

"వద్దు సార్. అది ఊపిరితిత్తులకి మంచిది కాదు" అన్నాను. కొత్తగా నేర్చిన చదువు మరి.

ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. "ఇక పాడవడానికి ఏమీ మిగల్లేదయ్యా. ఆయాసం తగ్గుతుంది, అంతే."

తేవలసింది నేనే. వరండాలో నిండు సిలిండర్లు ఆరున్నాయి. అన్నీ ఒక్కటేనని నాకు ఇరవై ఏళ్లుగా తెలుసు. అయినా ఏది మంచిదో తేల్చుకోలేనట్టు, ఒక్కోదాన్నీ తట్టి చూస్తూ నిలబడ్డాను.

లోపలి నుంచి నర్సు రెండోసారి పిలిచింది.