వెనక బల్లల దాకా

పిచ్చుక రోజూ పొద్దున్నే కళ్ళద్దాల కొట్టు షట్టరెత్తి, దీపాలు వేసి, మెత్తటి గుడ్డతో ఫ్రేములన్నీ తుడిచి, నిలువుటద్దం ముందు నిలబడి ఒక్కసారి "ఆ" అని చూసుకునేది. గొంతు ఉందా, రాత్రికి రాత్రి ఎటైనా వెళ్ళిపోయిందా అని. ఉండేది. అయినా మర్నాడు మళ్ళీ అనుమానమే.

పిచ్చుక అసలు పేరు కాదు. పుట్టినప్పుడు ఎంత సన్నగా ఉండేదంటే, దుప్పటి కప్పితే పిల్ల కనబడక ఇల్లంతా వెతికేవాళ్ళు. ఓసారి పక్కింట్లో కూడా వెతికారు. పిల్ల ఏడిస్తే మాత్రం నాలుగు వీధుల అవతలివాళ్ళు లేచి కూర్చునేవాళ్ళు. ఒళ్ళంతా కలిపినా గొంతంత బరువు లేదనేది వాళ్ళమ్మ.

కొట్టుకి వచ్చేవాళ్ళు అడిగేది ఒకటే ప్రశ్న. "ఇవి పెట్టుకుంటే అక్షరాలు పెద్దవవుతాయా అమ్మా?"

"అక్షరం ఉన్నంతే ఉంటుందండీ. మీరు కళ్ళు చిట్లించక్కర్లేకుండా దగ్గరికొస్తుంది, అంతే" అనేది పిచ్చుక. ఆ మాట ఎన్నిసార్లు చెప్పిందంటే, నిద్రలో పక్కకి తిరిగినప్పుడు కూడా చెప్పేది. మొగుడు "సరేలే, పవరు తగ్గించి పడుకో" అనేవాడు.

మొగుడు లిఫ్టుల మెకానిక్. ఊళ్ళో ఎవరు ఏ అంతస్తులో ఇరుక్కున్నా అతనే వెళ్ళాలి. అంతమందిని పైకీ కిందికీ చేరవేసినవాడు తన నడుము మాత్రం వంచలేడు. బకెట్టు ఎత్తితే మూడు రోజులు మంచం దిగడు.

ఇక శనివారం సాయంత్రాలు. గిటారు భుజాన వేసుకుని పిచ్చుక కాఫీ హోటలుకి వెళ్ళి, కిటికీ పక్క మూలలో కూర్చుని పాడేది. ఆమె పాడితే వినేవాళ్ళు కుర్చీల్లోంచి పైకి లేచేవాళ్ళు. కాళ్ళ మీద కాదు, ఉన్నపళాన, కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే, జానెడు ఎత్తు. కొందరు పాడితే నిద్రొస్తుంది. కొందరు పాడితే పక్కింటివాళ్ళు తలుపులేసుకుంటారు. పిచ్చుక పాడితే జనం తేలుతారు. అలవాటైనవాళ్ళు పాట మొదలవకముందే కప్పు చేతిలోకి తీసుకునేవాళ్ళు, కాఫీ కిందే ఉండిపోకుండా. బట్టతలాయన ఒకడు ఫ్యాను కింద బల్లకి పొరపాటున కూడా కూర్చునేవాడు కాదు.

పిచ్చుక మాత్రం ఎప్పుడూ తేలలేదు. వంట చేసినావిడకి ఆకలుండనట్టే ఇదీ అనుకుని ఊరుకునేది.

ఆ తర్వాత గొంతులో కాయ లేచింది. డాక్టరు తీసేసి, శనగగింజంత ఉందన్నాడు. మొగుడు కొబ్బరికాయంత అని ఊరంతా చెప్పాడు. గాయం మానింది, మాట వచ్చింది, పాట కూడా వచ్చింది. బలం మాత్రం రాలేదు. ఇదివరకు నాలుగు వీధులు దాటిన గొంతు ఇప్పుడు నాలుగు బల్లలు దాటడానికి ఆయాసపడుతోంది.

అసలే ఆ హోటలు రైలుపెట్టెలా పొడుగు. కిటికీ దగ్గర తెల్లారాక వెనక కౌంటరు దగ్గర తెల్లారడానికి ఇంకో గంట పడుతుంది. ముందు బల్లవాళ్ళు వేలెడు లేస్తున్నారు. మధ్యవాళ్ళు కుర్చీలో కొంచెం కదిలి, లేచామా లేదా అని కిందికి చూసుకుంటున్నారు. వెనకవాళ్ళకి ఆమె నోరు ఆడటం కనిపిస్తోంది, అంతే. వాళ్ళు బిస్కెట్లు గట్టిగా నములుతూ కక్ష తీర్చుకుంటున్నారు.

కౌంటరు దగ్గర హోటలు యజమానురాలు కూర్చునేది. అందరికీ పిన్నిగారు. ఆ కౌంటరు ఎంత ఎత్తంటే, వెనక కూర్చున్న పిన్నిగారి కొప్పు తప్ప ఇంకేమీ కనబడదు. కొత్తవాళ్ళు ఆ కొప్పుకే దండం పెట్టి డబ్బులిచ్చి పోయేవాళ్ళు. పిచ్చుక గొంతు బాగున్న రోజుల్లో కూడా, పాడే వేళకి ఆవిడ వెనక వంటగదిలో పాలవాడితో దెబ్బలాటలో ఉండేది. ఒక్కసారైనా లేచి ఎరగదు.

"ముందువాళ్ళు లేస్తున్నారు, వెనకవాళ్ళు తిట్టుకుంటున్నారు. ఇదేం పంక్తి అమ్మాయ్? వడ్డిస్తే అందరికీ వడ్డించాలి" అంది కొప్పు.

మొగుడికి పౌరుషం వచ్చింది. వచ్చే శనివారానికి సభలకి మైకులు పెట్టే స్నేహితుడి దగ్గర ఒక స్పీకరు అరువు తెచ్చాడు. దాన్ని మోయడానికి నలుగురు కావలసి వచ్చింది. లోపల ఒక కుటుంబం కాపురం పెట్టి, ఇంకో గది అద్దెకిచ్చుకోవచ్చు. పిచ్చుక ఎప్పట్లాగే మెడ నరాలు తేలేలా పాడింది. ఆ గొంతు స్పీకర్లోంచి రాయిలా వచ్చి పడింది. ముందు బల్లవాళ్ళు లేవడం మాట దేవుడెరుగు, కుర్చీలతో సహా నేలకి అతుక్కుపోయారు. బట్టతలాయన గడ్డం కాఫీలో మునిగింది. పాటయ్యాక ఒక్కొక్కరినీ చెయ్యిచ్చి లాగాల్సి వచ్చింది.

పిన్నిగారు మొదటిసారి కౌంటరు వెనకనుంచి బయటికి వచ్చింది. "నీ మీద నాకు కోపం లేదు అమ్మాయ్. కానీ ఆ మూలలో చేపలతొట్టి పెడదామనుకుంటున్నాను. చేపలు ఎక్కడ కూర్చున్నవాడికైనా కనబడతాయి. గొడవ లేదు."

"ఒక్క శనివారం చూడండి పిన్నిగారూ" అంది పిచ్చుక.

"ఒక్కటంటే ఒక్కటే. చేపలవాడికి ఆ రోజే రమ్మని చెప్పేశాను మరి."

ఆ వారమంతా పిచ్చుకకి అన్నం సయించలేదు. చోటు పోతుందని కొంత, అసలు బెంగ వేరే. జనాన్ని లేపింది ఆ బలమేనేమో, అది కాయతోపాటు డాక్టరు గిన్నెలోకి పోయిందేమో. ఈ శనివారం ఎవరూ లేవకపోతే గిటారు అమ్మేస్తానని మనసులో అనుకుంది. మొగుడికి చెప్పలేదు. ఆ పరధ్యానంలో కొట్లో ఎడమ అద్దం కుడివైపు బిగించి ఒక పెద్దాయన్ని ఇంటికి పంపింది. ఆయన గోడలు పట్టుకుని తిరిగొచ్చాడు.

గురువారం ఇద్దరూ వాద్యాల కొట్టుకి వెళ్ళారు. కొట్టాయన మెడలో గిటారు తీగలు దండల్లా వేసుకుని, దేన్ని ముట్టుకున్నా దాని మీద తాళం వేస్తూ మాట్లాడే మనిషి.

"గది ఎంతుంటుందమ్మా?"

"సన్నగా, పొడుగ్గా."

"జనం నిలబడతారా, కూర్చుంటారా?"

"కూర్చుంటారు. తర్వాత తేలుతారు."

"ఎంత ఎత్తు?"

"ఇదివరకు జానెడు. ఇప్పుడు ముందువాళ్ళు వేలెడు."

ఆయన తలూపి, "ఫ్యాన్లు చూసుకోవాలి" అని లోపలికి వెళ్ళి మూడు స్పీకరు పెట్టెలు తెచ్చాడు.

మొదటిదానికి చక్రాలున్నాయి. దాని శక్తి వింటేనే మొగుడి కళ్ళు మెరిశాయి. పోయిన శనివారం స్పీకరుకి ఇది మేనమామలా ఉందని పిచ్చుక దూరం జరిగింది. రెండోది అరచేతిలో ఇమిడేంత చిన్నది. గిటారుకైతే ముద్దొస్తుంది కానీ మైకు పెట్టడానికి చోటే లేదు. బలవంతంగా గొంతు అందులోకి పంపితే బిందెలో తలపెట్టి మాట్లాడినట్టుంది. మూడోది ఏడాది పిల్లంత బరువు. గిటారుకొక దారి, గొంతుకొక దారి, దేని మీటలు దానివి. సాయంత్రమంతా బ్యాటరీ మీద నడుస్తుంది. వెనక ఏటవాలుగా కోసి ఉంది. కింద పెడితే కుక్కపిల్ల యజమాని మొహంలోకి చూసినట్టు పైకి చూస్తుంది.

"ఎన్ని వాట్లు?" అన్నాడు మొగుడు.

"అరవై."

"మా లిఫ్టులో బల్బుకే అంతుంటుందయ్యా."

"నీ లిఫ్టులో పాడేవాళ్ళుంటే బల్బు తీసి దీన్ని పెట్టు అన్నా" అని కొట్టాయన మైకు పిచ్చుక ముందుకు జరిపాడు. "పాడి చూడమ్మా."

పిచ్చుక నోరు తెరిచింది. భయంతో ఏమీ రాలేదు.

"పోనీ పాడకు. మీ ఇల్లెక్కడో చెప్పు."

"సందు చివర" అంది పిచ్చుక, లోగొంతుకతో. "మెట్లెక్కాక ఎడమచేతి వైపు. బెల్లు పనిచెయ్యదు, తలుపు కొట్టాలి."

ఆ మాటలు పెట్టెలోంచి వచ్చాయి. పెద్దవై రాలేదు. పక్కన కూర్చుని ఎవరో చెబుతున్నట్టు వచ్చాయి. ఎవరా అని పిచ్చుక వెనక్కి తిరిగి చూసింది కూడా. ఇన్నేళ్ళుగా ఆ గొంతు మోస్తోంది కానీ, బయట కూర్చుని వినడం అదే మొదలు.

"ఇదే కావాలి" అంది.

"నా నడుమేమైనా ఒప్పుకుంటుందా?" అన్నాడు మొగుడు. ఎత్తి చూశాడు. ఒప్పుకుంది. దాంతో వాట్ల గొడవ అక్కడితో వదిలేశాడు.

దారిలోనే పిచ్చుకకి మళ్ళీ గుండె దడ మొదలైంది. ఇంత చిన్నది అంత పొడుగు గదికి చాలుతుందా? శనివారం దాకా ఆ దడ తగ్గలేదు. కొట్లో ఆమె పక్కన నిలబడితే అద్దాల ఫ్రేములు గలగలమనేవి.

శనివారం వచ్చింది. మూలలో ఆమె కుర్చీ పక్కనే ఖాళీ తొట్టి దిగి ఉంది. చేపలవాడు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. రెండు చేతుల్లో నీళ్ళ సంచులు, సంచుల్లో ఎర్రచేపలు. "కొంచెం త్వరగా తేల్చండమ్మా. సంచిలో వీటికి గాలాడదు" అన్నాడు.

పిచ్చుక పెట్టెని తన కుర్చీ వెనకే పెట్టుకుంది, పారిపోకుండా వీపు కాపలా కాస్తున్నట్టు. పాత అలవాటుగా మైకుకి మూరెడు దూరం కూర్చుని, బలమంతా కూడగట్టి మొదటి చరణం ఎత్తుకుంది. బలం చాలక మీట తిప్పింది. ఇంకా చాలక ఇంకా తిప్పింది. పెట్టెలోంచి వచ్చిన గొంతు మైకులో దూరింది, మైకులోంచి మళ్ళీ పెట్టెలోకి, అక్కణ్ణుంచి గిటారు కడుపులోకి. మూడూ కలిసి ఒక్కసారిగా కుయ్యిమన్నాయి. ఆ కూతకి చక్కెర డబ్బాల మూతలు ఎగిరిపడ్డాయి. వీధిలో కుక్కలు జవాబు చెప్పాయి. చెవులు మూసుకోనిది చేపలవాడూ, చేపలూ. అతనికి చేతులు ఖాళీ లేక, వాటికి చేతుల్లేక.

ఎవరూ లేవలేదు. కౌంటరు మీద కొప్పు తొట్టివైపు తిరిగింది.

పిచ్చుక తీగల మీద చెయ్యి అదిమి అలాగే ఉండిపోయింది. తలెత్తి చూస్తే, గది అటు చివర, కౌంటరు ముందు బల్ల దగ్గర, ఎడమ అద్దం కుడివైపు బిగించి పంపిన పెద్దాయన కనిపించాడు. పాట వినడానికి మొహం చిట్లించుకుని, చెవి ముందుకు పెట్టి, సగం బల్ల మీదికి వాలి ఉన్నాడు. ఆ మొహం ఆమె రోజూ చూసే మొహమే. అద్దాలు లేకుండా అక్షరాలు చదవబోయేవాళ్ళ మొహం.

ఉన్నంతే ఉంటుందండీ, అనుకుంది. దగ్గరికొస్తుంది, అంతే.

లేచి పెట్టెని వీపు వెనకనుంచి తీసింది. మైకు కంట పడకుండా ఓ పక్కకి, కొంచెం ముందుకి పెట్టింది. ఏటవాలుగా పైకి చూసేలా సర్దింది. మీటలు తగ్గించింది. గిటారు కడుపు ఇంకా చిన్నగా మూలుగుతోంది.

"ఏమండీ, మేజోడు ఇవ్వండి."

"ఎందుకు?"

"దీని నోట్లో కుక్కాలి."

మొగుడు నడుము పట్టుకుని వంగి, ఒక కాలి మేజోడు విప్పి ఇచ్చాడు. ముందు బల్లవాళ్ళు కొంచెం వెనక్కి జరిగారు. దాన్ని గిటారు రంధ్రంలో కుక్కగానే, అంత గిటారూ ఊపిరి బిగబట్టినట్టు నోరు మూసుకుంది.

పిచ్చుక పెదవులు మైకుకి ఆనేంత దగ్గరగా వంగి, నిద్రపోయే పిల్ల చెవిలో చెప్పినట్టు పాడింది.

మొదటి చరణం అయింది. ఎవరూ కదల్లేదు. గట్టిగా ఎత్తుకోమని గొంతు పోరుతోంది. ఎత్తుకోలేదు. ఇల్లెక్కడో చెప్పినట్టే, మెట్ల దాకా, ఎడమచేతి వైపు దాకా చెప్పుకుంటూ పోయింది.

మొదట పెద్దాయన మొహం సడలింది. తర్వాత ఆయన బల్ల మీదనుంచి వెనక్కి జారగిలబడ్డాడు. ఆ జారగిలబడ్డం కుర్చీ వీపుకి కాదు, గాలికి. ఆ పక్కాయన లేచాడు. మధ్య బల్లలు, ముందు బల్లలు, బట్టతలాయన, చేపలవాడు, రెండు సంచులు, సంచుల్లో చేపలు. ముందువాళ్ళు ఎక్కువా లేదు, వెనకవాళ్ళు తక్కువా లేదు. కాలవలో నీరు పెరిగినట్టు, గదంతా ఒకే మట్టానికి జానెడు లేచింది. మొగుడు కూడా లేచాడు, ఒక కాలు మేజోడుతో, ఒక కాలు ఉత్తిది. నడుము తిన్నగా నిలబడింది. ఏ లిఫ్టూ ఇంత నెమ్మదిగా ఎక్కదని లోపల్లోపల ఒప్పుకున్నాడు.

కౌంటరు మీద కొప్పు కదిలింది. కొప్పు కింద నుదురు వచ్చింది, నుదురు కింద కళ్ళు వచ్చాయి. ఆ కుర్చీలోంచి పిన్నిగారు తన హోటలుని మొదటిసారి చివరికంటా చూసింది. బల్లలు చూసింది, కిటికీ చూసింది, కిటికీ బయట వీధి చూసింది. నీళ్ళు తిరిగిన కళ్ళు తుడుచుకోవడానికి చేతిరుమాలు వెతుక్కుంటే, అది కుర్చీ మీదే ఉండిపోయి చేతికి అందలేదు.

పాట అయిపోయింది. అందరూ ఆకుల్లా కిందికి దిగారు. పిన్నిగారు మాత్రం దిగలేదు. కౌంటరు అంచు రెండు చేతులా పట్టుకుని పైనే ఉంది.

"అమ్మా, చేపలు?" అన్నాడు చేపలవాడు.

"చేపల్ని వాటి ఇంటికి తీసుకెళ్ళు. తొట్టి కూడా. ఆ మూల ఖాళీ లేదు." పిచ్చుకవైపు తిరిగి, "అమ్మాయ్, నన్ను అప్పుడే దించకు. ఇంకోటి పాడు" అంది.

పిచ్చుక రెండో పాట ఎత్తుకుంది. ఈసారి గొంతు గురించి భయపడటం మరిచిపోయి, పక్కన పెట్టెలోంచి వస్తున్నదాన్ని వింది. అందరూ ఇన్నాళ్ళు విన్నది ఇదా అనుకుంది. వింటూ ఉండగా పెట్టెకీ గిటారుకీ మధ్య ఉన్న తీగ మెల్లగా బిగుసుకుంది. మొగుడు ముందు తీగని చూసి, తర్వాత కిందికి చూసి, వెళ్ళి పెట్టె పిడి గట్టిగా పట్టుకున్నాడు.

పిచ్చుక కుర్చీ ఖాళీగా ఉంది. దాని కింద ఆమె చెప్పులు, ఎవరింటికో వచ్చి గడప బయట విడిచినట్టు, పక్కపక్కనే ఉండిపోయాయి.